అతివాది, తీవ్రవాది, మిలిటెంట్: అభిప్రాయానికి ఏ పేరు?

రాజకీయ అభిప్రాయాలను సూచించడానికి ఇంగ్లిషులో ఒకదానికొకటి దగ్గరగా ఉండే మాటలు చాలా ఉన్నాయి. రాడికల్, ఎక్స్‌ట్రీమిస్టు, మిలిటెంట్, రివల్యూషనరీ అనే నాలుగింటినీ నిఘంటువులు పక్కపక్కనే చూపిస్తాయి. లిబరల్, ప్రోగ్రెసివ్, లెఫ్టిస్టు అనే మూడింటినీ చదువుకున్నవారు సైతం ఒకదాని చోట మరొకటి వాడుతుంటారు. ఇవి తెలుగులోకి పాఠ్యపుస్తకం దారిన ఒక రూపంలో, పోలీసు ప్రకటన దారిన ఇంకొక రూపంలో, పార్టీ కరపత్రం దారిన వేరొక రూపంలో వచ్చి చేరాయి. ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడివడి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో ఈ మాటల మధ్య తేడాను పండితుల చర్చకు వదిలేయడం కుదరదు. ఒక మనిషిని ఏ మాటతో పిలిచారన్నదాన్ని బట్టి అతణ్ణి విచారించి పంపించడమా, కేసు పెట్టడమా, చంపడమా అన్నది తేలిపోయిన రోజులను ఈ ప్రాంతం చూసింది.

ఎక్స్‌ట్రీమిస్టు అన్న మాటనే తీసుకుంటే, దానికి తెలుగులో రెండు అనువాదాలు ఉన్నాయి, ఆ రెండింటి మధ్య ముప్పాతిక శతాబ్దం దూరం ఉంది. 1907లో సూరత్ సమావేశంలో కాంగ్రెస్ చీలినప్పుడు గోఖలే పక్షాన్ని మోడరేట్లు అనీ, తిలక్ పక్షాన్ని ఎక్స్‌ట్రీమిస్టులు అనీ పిలిచారు. తెలుగు చరిత్ర పుస్తకాలలో వారు మితవాదులు, అతివాదులు అయ్యారు. ఆ ఏడాదే బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో ఉపన్యాసాలిచ్చి వెళ్లాక, వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు అక్కడి ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నుంచి బహిష్కరణకు గురైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు, మరుసటి సంవత్సరం 'స్వరాజ్య' పత్రికలో అచ్చయిన వ్యాసం కారణంగా జైలుకు వెళ్లారు. నాటి ప్రభుత్వం దృష్టిలో ఆయన ప్రమాదకరమైన మనిషి. నేటి విద్యార్థి మాత్రం అతివాదుల పాఠంలో ఆయన పేరు చదివి గౌరవంతో గుర్తుంచుకుంటాడు. అదే ఇంగ్లిషు మాట 1980ల తర్వాత పత్రికలలో తీవ్రవాది అయింది. కేంద్ర హోంశాఖలో 2006లో ఏర్పాటైన ప్రత్యేక విభాగం పేరును తెలుగు పత్రికలు వామపక్ష తీవ్రవాదం అని రాశాయి. ఆ శాఖ 2018లో 126 జిల్లాల జాబితాను 90కి కుదించినప్పుడు అందులో భూపాలపల్లి పేరు ఉంది.

తెలుగులో వాది అంటే వాదించేవాడు. కోర్టులో దావా వేసినవాణ్ణి వాది అనీ, ఎదుటి పక్షాన్ని ప్రతివాది అనీ అంటారు. ఆ లెక్కన తీవ్రవాది అన్న సమాసానికి తీవ్రంగా వాదించేవాడు అనే అర్థం రావాలి; ఆ మాట కూర్పులో ఎక్కడా ఆయుధం లేదు. వాడుకలో మాత్రం ఆ మాట వినగానే ముందు తుపాకీయే కళ్ల ముందు నిలుస్తుంది. ఈ మార్పు వల్ల జరిగిన నష్టం చాలామంది గమనించనిది: తుపాకీ పట్టినవాడికి ఆ పేరు స్థిరపడిపోయాక, ఏ ఆయుధమూ ముట్టకుండా సమాజాన్ని మూలమట్టంగా మార్చాలని గట్టిగా వాదించే వ్యక్తికి తెలుగులో వాడుకగా నిలిచిన పేరు మిగలలేదు. పేరు లేని ఆ అభిప్రాయం, పక్కనే ఉన్న నేరపు పేరును మోయవలసి వస్తున్నది.

రాడికల్ అన్న మాట ఆ ఖాళీని పూరించి ఉండవచ్చు. లాటిన్‌లో వేరు అనే అర్థమున్న మాట నుంచి పుట్టిన ఈ పదం, సమస్యను కొమ్మల దగ్గర కాక మొదలంటా చూడాలనే దృష్టిని సూచిస్తుంది. ఎం.ఎన్. రాయ్ 1940లో స్థాపించిన రాడికల్ డెమొక్రాటిక్ పార్టీకి కోస్తా ఆంధ్రలో అనుచరులుండేవారు. 1948లో ఆయన పార్టీనే రద్దు చేసి మానవవాద ప్రచారానికి మళ్లారు కాబట్టి, ఆ తరం తెనాలి, గుంటూరు చదువరులకు రాడికల్ అంటే హేతువాది, గ్రంథాలయంలో కూర్చుని చర్చించే మనిషి. పాతికేళ్లు గడిచాక రాడికల్ విద్యార్థి సంఘం, ఆ తర్వాత రాడికల్ యువజన సంఘం ఏర్పడి, సెలవులలో విద్యార్థులు ఉత్తర తెలంగాణ ఊళ్లకు వెళ్లి కూలిరేట్లు, వెట్టి, దొరల పెత్తనం గురించి మాట్లాడడం మొదలుపెట్టాక, అదే మాట అనువాదం లేకుండానే పల్లె నోట పడి రాడికల్స్ అయింది. రైతుకూలీ సంఘం అని చక్కని తెలుగు పేరు పెట్టుకోగలిగిన ఉద్యమం, విద్యార్థుల సంఘానికి వచ్చేసరికి ఇంగ్లిషు విశేషణాన్ని అలాగే ఉంచుకోవడం గమనించదగినది. తెనాలి రాడికల్‌నూ వరంగల్ రాడికల్‌నూ ఒకే మాటతో పిలిచినవారు, ఇద్దరి మధ్య ఉన్న అగాధాన్ని తెలిసో తెలియకో పూడ్చేశారు.

ప్రోగ్రెసివ్ విషయంలో దీనికి పూర్తిగా ఎదురైనది జరిగింది. అక్కడ ఇంగ్లిషు మాట ఒకటే, తెలుగులో దానికి రెండు రూపాలు వచ్చి, రెండూ రెండు శిబిరాల గుర్తులయ్యాయి. 1943లో తెనాలిలో మొదలైన రచయితల సంఘం అభ్యుదయ అన్న మాటను ఎంచుకుంది. 1970ల విద్యార్థి, మహిళా సంఘాలు అదే ఇంగ్లిషు మాటను ప్రగతిశీల అని తెనిగించుకున్నాయి. ఈ రెంటికీ నడుమ 1970 జూలై 4న ఏర్పడిన రచయితల సంఘం అభ్యుదయాన్ని పక్కనపెట్టి విప్లవ అన్న మాట తీసుకుంది. నిఘంటువు ప్రకారం అభ్యుదయమూ ప్రగతీ పర్యాయపదాలే. వరంగల్‌లో కళాశాల చదువు చదివినవారికి మాత్రం ఏ మాట వాడితే ఏ పార్టీ నీడలో ఉన్నట్టో వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లిషులోకి తిరిగి అనువదించేవారు రెండింటినీ ప్రోగ్రెసివ్ అని రాసినప్పుడు ముప్పై ఏళ్ల చీలికల చరిత్ర ఒక్క మాటలో మాయమవుతుంది.

భూపాలపల్లి బొగ్గుగనుల దగ్గర మిలిటెంట్ అన్న మాట ఇంకొక పాఠం చెబుతుంది. సింగరేణి కార్మిక సంఘాల భాషలో మిలిటెంట్ పోరాటం అంటే వెనక్కి తగ్గని సమ్మె, యాజమాన్యం కాగితంపై సంతకం పెట్టేదాకా గనిలోకి దిగకపోవడం. గేట్ మీటింగ్‌లో మిలిటెంట్‌గా పోరాడుదామని పిలుపునిచ్చిన నాయకుణ్ణి విన్న కార్మికుడు బాంబుల గురించి ఆలోచించడు. అదే జిల్లాలో, అదే కాలంలో, పోలీసు ప్రకటనలో మిలిటెంట్ అంటే ఊళ్లో ఉంటూ సాయుధ దళానికి తోడ్పడే కార్యకర్త. కశ్మీర్ వార్తలలో అయితే సరిహద్దు దాటి వచ్చిన సాయుధుడు. కరపత్రంలో ఉన్న మాటను కేసు డైరీలోకి ఎత్తి రాస్తే, సమ్మె పిలుపు కాస్తా సాయుధ కుట్రకు ఆధారంగా చదవబడే ప్రమాదం ఉంది. మాట మారలేదు, చదివే గది మారింది.

ఈ ఇంగ్లిషు మాటలన్నీ అచ్చులో తిరుగుతుండగా, పల్లె జనం తమకు కావలసిన పేర్లు తామే పెట్టుకున్నారు. 1946 జూలై 4న ఇప్పటి జనగామ జిల్లా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య ప్రాణం విడిచిన రోజున, ఊరేగింపులో నడిచినవారిని నిజాం పోలీసులు కమ్యూనిస్టులన్నారు. పల్లెలో ఆ మాట అంతగా లేదు. ఆంధ్రమహాసభను జనం సంఘం అన్నారు, అందులో ఉన్నవారిని సంఘపోళ్లు అన్నారు. పాలకుర్తిలో తన పంట, తన కౌలు భూమి కోసం అదే దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మకు సంఘం అంటే సిద్ధాంతం కన్నా ముందు, కల్లం దగ్గర తోడుగా నిలబడిన మనుషులు. 1944లో భువనగిరి సభ నాటికి ఆంధ్రమహాసభలోనే మితవాదులు, అతివాదులు అన్న విభజన నాయకుల మాటల్లో స్థిరపడి సంస్థ చీలినా, ఊరి మనిషి ఆ రెండు మాటలనూ పట్టించుకోలేదు. తర్వాతి తరంలో నక్సలైట్ అన్న మాట, అంటే 1967లో పశ్చిమ బెంగాల్‌లోని నక్సల్బరి అనే ఊరి పేరు మీద పుట్టిన పేరు, పత్రికలనిండా ఉన్న కాలంలో పల్లె వాళ్లను అన్నలు అంది. ఈ పిలుపులో ఆప్యాయత ఎంత, భయం ఎంత అన్నది ఊరిని బట్టీ ఇంటిని బట్టీ మారింది. రాత్రి తలుపు తట్టినప్పుడు అన్నం పెట్టక తప్పని ఇల్లు కూడా అన్నలనే అంది. అందువల్ల జనం వాడిన మాటను పట్టుకుని జనం అభిప్రాయాన్ని తేల్చేయడం కూడా పొరపాటే అవుతుంది.

1940ల తెలంగాణ సాయుధ పోరాటానికి పేరు పెట్టే దగ్గర పండితులు సైతం ఏకాభిప్రాయానికి రాలేదు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ఇంగ్లిషులో వెలువరించిన పుస్తకం పేరులో అది ప్రజల పోరాటం. 1974లో సామాజికశాస్త్రవేత్త డి.ఎన్. ధనాగరే రాసిన వ్యాసంలో రైతుల ఇన్సరెక్షన్, అంటే ప్రభుత్వాధికారాన్ని ధిక్కరించిన తిరుగుబాటు; 1981లో బ్యారీ పేవియర్ పుస్తకంలో ఉద్యమం. ఉద్యమం అంటే కాలక్రమంలో పెరిగే ప్రజల కదలిక, తిరుగుబాటు అంటే పాలకుడి స్థానం నుంచి చూసినప్పుడు కనిపించేది, పోరాటం అంటే అందులో పాల్గొన్నవాడు చెప్పుకునేది. మూడూ నిజాలే, కానీ మూడు చోట్ల నిలబడి చూసిన నిజాలు. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక, నిషేధంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీ పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ అన్న పేరుతో 1952 ఎన్నికలలో నిలబడి, నల్లగొండలో రావి నారాయణరెడ్డిని లోక్‌సభకు పంపింది. నాలుగు నెలల ముందు తిరుగుబాటుదారుగా ఉన్న మనిషి ప్రజాప్రతినిధి కావడానికి ఆయన అభిప్రాయాలు మారనక్కరలేకపోయింది, మారింది ఆచరణ. అభిప్రాయమూ ఆచరణా వేర్వేరు అని చూపడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ తెలుగు నేలపై దొరకదు.

మాటల ఎంపిక ఎంత బరువైన పనో అందరికన్నా లోతుగా గ్రహించినవి వరంగల్ చుట్టూ పెరిగిన హక్కుల సంఘాలు. సివిల్ లిబర్టీస్ అంటే ప్రభుత్వం చెయ్యి వేయకూడని పౌరుడి స్వేచ్ఛలు. సివిల్ రైట్స్ అంటే అందరితో సమానంగా పౌరుడు పొందవలసిన హక్కులు. డెమొక్రాటిక్ రైట్స్ అంటే సంఘటితమై పోరాడే ప్రజల హక్కులు. హ్యూమన్ రైట్స్ అంటే మనిషై పుట్టినందుకే ఎవరి నుంచైనా రక్షణ కోరగల హక్కులు. 1970లలో ఏర్పడిన సంఘం ఇంగ్లిషు పేరులో లిబర్టీస్ ఉంది, తెలుగు పేరు మాత్రం పౌరహక్కుల సంఘం; స్వేచ్ఛ తెలుగులోకి వచ్చేసరికి హక్కు అయింది. ఇంకొక రాజకీయ ధోరణి వారు ప్రజాస్వామిక హక్కుల పేరుతో వేరే సంస్థను నడిపారు. పౌరహక్కుల కోసం పనిచేసినందుకు వరంగల్ మనుషులు చెల్లించిన మూల్యం చిన్నది కాదు: పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథంను 1985 సెప్టెంబరు 3న ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన కె. బాలగోపాల్ అదే సంఘంలో దీర్ఘకాలం పనిచేసి, రాజ్యహింసతోపాటు విప్లవోద్యమం చేసే హింసనూ, కులం, పితృస్వామ్యం చేసే హింసనూ హక్కుల దృష్టితో ప్రశ్నించాలన్న వాదనపై విడిపోయి, 1998లో సహచరులతో కలిసి మానవ హక్కుల వేదికను స్థాపించారు. పౌర అన్న చోట మానవ అన్న మాట రావడం వెనుక ఏళ్ల తరబడి సాగిన అంతర్మథనం ఉంది. ఈ తేడా తెలియని విలేకరి మూడు సంస్థలనూ కలిపి హక్కుల సంఘాలు అని ఒకే గాటన కట్టినప్పుడు, తెలుగు నేలపై జరిగిన అత్యంత విలువైన రాజకీయ చర్చలలో ఒకటి పాఠకుడికి అందకుండా పోతుంది.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వేరొక జంటను ముందుకు తెచ్చింది. సెపరేట్ స్టేట్ అన్న మాట నుంచి సెపరేటిస్టు అన్న పదాన్ని తయారుచేయడం ఇంగ్లిషులో తేలిక. తెలుగులో ప్రత్యేక రాష్ట్రవాది అనవలసిన చోట వేర్పాటువాది అని రాసిన సందర్భాలు 1969లోనూ 2009 తర్వాతా చాలా ఉన్నాయి. వేర్పాటువాదం అన్న మాట పంజాబ్, కశ్మీర్ సందర్భాలలో దేశం నుంచి విడిపోవాలనే కోరికకు స్థిరపడినది. తెలంగాణ ఉద్యమం అడిగింది రాజ్యాంగం 3వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చిన అధికారం ప్రకారం ఒక రాష్ట్రం. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం షరతులపై జరిగిన విలీనం కాబట్టి, షరతులు నిలవనప్పుడు విడివడే హక్కు ఉంటుందన్నది ఉద్యమం వాదన. ఆ వాదనతో విభేదించడానికి ఎవరికైనా స్వేచ్ఛ ఉంది, దాన్ని దేశం నుంచి విడిపోవడంగా పేరు మార్చే స్వేచ్ఛ మాత్రం లేదు. 2010 మే 28న ప్రత్యేక రాష్ట్రవాదుల నిరసన సందర్భంగా మహబూబాబాద్ రైల్వే స్టేషన్‌లో రాళ్లు పడ్డాయి, కాల్పులు జరిగాయి, యువకులు గాయపడ్డారు. అవన్నీ క్రియలతో చెప్పవలసిన సంఘటనలు. అక్కడ ఉన్నవారి అభిప్రాయం పేరు ప్రత్యేక రాష్ట్రం. ఈ రెండింటినీ ఒకే నామవాచకంలో కుదించినప్పుడు సంఘటనా వక్రమవుతుంది, అభిప్రాయమూ వక్రమవుతుంది. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన సెప్టెంబరు 17 చుట్టూ ఉన్న విమోచన, విలీనం, విద్రోహం, సమైక్యత అనే నాలుగు మాటల తగవూ ఇలాంటిదే. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన అన్న రోజునే రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యత అంది.

లిబరల్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. విజయనగరంలో పుట్టి అలహాబాదు 'లీడర్' పత్రికను నడిపిన సి.వై. చింతామణి తనను లిబరల్ అని సగర్వంగా చెప్పుకున్న కాలంలో ఆ మాటకు రాజ్యాంగబద్ధ మార్గంలో నమ్మకమని అర్థం; నేటి అమెరికాలో అది సంక్షేమాన్ని కోరే పక్షం; తెలుగులో మనిషికి వాడితే ఉదారవాది, ఆర్థిక విధానానికి వాడితే సరళీకరణ. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకూ, 1991లో ప్రధానిగా ఆర్థిక సంస్కరణలకూ పేరు పొందారు. మొదటిది భూస్వామి చేతిని కట్టడి చేసింది, రెండవది పెట్టుబడి చేతిని విడిపించింది, రెండింటికీ సంస్కరణ అన్న మాటే సరిపోయింది.

అసలు నిర్ణయం జరిగేది సిద్ధాంత గ్రంథాలలో కన్నా పత్రికా కార్యాలయం డెస్కు మీద. రాత్రి పదింటికి వార్తాసంస్థ నుంచి ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు వస్తాయి: అల్ట్రాలతో సంబంధాలున్నట్టు అనుమానిస్తున్న సింపథైజర్‌ను అదుపులోకి తీసుకున్నారు అన్నది దాని సారాంశం. శీర్షికకు స్థలం తక్కువ, పేజీ వెళ్లిపోవలసిన సమయం దగ్గరపడింది. అల్ట్రాలు తీవ్రవాదులవుతారు, సింపథైజర్ సానుభూతిపరుడవుతాడు, అనుమానిస్తున్న అన్న మాట శీర్షికలో పట్టదు కాబట్టి రాలిపోతుంది. తెల్లవారేసరికి ఒక ఊరిలో ఒక ఇల్లు తీవ్రవాదుల ఇల్లవుతుంది. లొంగిపోయినవారి గురించి రాసేటప్పుడు జనజీవన స్రవంతిలో కలిశారన్న మాట కూడా అలాగే అలవాటుగా పడుతుంది. ఆ మాట ప్రకారం అడవి అంచు గూడెంలో వాళ్ల చుట్టూ ఉన్న కోయ కుటుంబాలది జనజీవనం కాదన్నమాట. రాసినవారి ఉద్దేశం అది కాదు, మాట అర్థం మాత్రం అదే.

అభిప్రాయానికీ ఆచరణకూ మధ్య గీతను చట్టం కూడా ఒకచోట గీయలేకపోయింది. నిషిద్ధ సంస్థలో సభ్యత్వం మాత్రమే ఉంటే నేరం కాదని, హింసకు పాల్పడడమో పురికొల్పడమో ఉండాలని సుప్రీంకోర్టు 2011లో అరూప్ భుయాన్ కేసులో చెప్పింది. 2023 మార్చిలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి, తెలిసి కొనసాగించిన సభ్యత్వమే నేరమంది. సభ్యత్వం దాటి సానుభూతి, పరిచయం, ఒకే వేదికపై ప్రసంగం దాకా ఆ నీడ పాకితే ఏమవుతుందో భూపాలపల్లి జిల్లా నుంచి 2019లో విడివడిన ములుగు చూపింది. తాడ్వాయి పోలీసు స్టేషన్‌లో 2022 ఆగస్టులో నమోదై, మరుసటి జూన్‌లో బయటపడిన కేసులో 152 మంది పేర్లు ఉన్నాయి, వారిలో హక్కుల ఉద్యమకారుడు ప్రొఫెసర్ హరగోపాల్ ఒకరు. విమర్శలు వచ్చాక ఆయన పేరుతోపాటు మరికొందరి పేర్లు తొలగించారు.

అభిప్రాయం ఉన్నవారు ఒప్పుకునే పేరునే రాయాలన్న వాదనకు ఎదురుగా ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. సంస్థలు తమకు తాము పెట్టుకున్న పేర్లనే వాడితే వాటి ప్రచారానికి పత్రిక లొంగినట్టు కాదా, మందుపాతర పేల్చి కానిస్టేబుళ్లను చంపినవారిని విప్లవకారులని రాయడం బాధితులను అవమానించడం కాదా అన్న ప్రశ్న ఆ కుటుంబాల నుంచి వస్తే తల వంచి వినవలసినదే. జవాబు పేరులో లేదు, క్రియలో ఉంది. చంపినవారు చంపారు అని రాయాలి. ఆ క్రియను మెత్తబరచడానికి ఏ సిద్ధాంతం పేరూ అడ్డం రాకూడదు. అదేవిధంగా సాయుధ పక్షం వాడిన ఇన్‌ఫార్మర్ అన్న ఒక్క మాట ఎందరు పల్లెవాసుల ప్రాణాలు తీసిందో మహబూబాబాద్, భూపాలపల్లి అడవి ఊళ్లకు తెలుసు. పోలీసు నోట సానుభూతిపరుడు, దళం నోట ఇన్‌ఫార్మర్ — రెండూ విచారణ లేకుండా తీర్పు చెప్పే మాటలు, తరచూ రెండూ ఒకే ఊరి మనుషుల మీద పడ్డవి. 2004 అక్టోబరులో ప్రభుత్వం హైదరాబాదులో చర్చలకు పిలిచినప్పుడు వచ్చిన నక్సలైట్లు ప్రతినిధులు; 2005 ఆగస్టు 17న నిషేధం వచ్చాక వాళ్లే నిషిద్ధ సంస్థ సభ్యులు. పది నెలల్లో వారి అభిప్రాయాలు మారలేదు, పేరు పెట్టేవారి అవసరం మారింది.

కాబట్టి అభిప్రాయాన్ని చెప్పేటప్పుడు ఆ అభిప్రాయం ఉన్నవారు ఒప్పుకునే పేరు, చర్యను చెప్పేటప్పుడు ఎదుటివారు కూడా కాదనలేని క్రియ, తీవ్రవాది, వేర్పాటువాది వంటి తీర్పు మాటలను రాయక తప్పనప్పుడు అలా అన్నవారి పేరు — ఈ మూడింటినీ విడివిడిగా ఉంచడం తెలుగు పాత్రికేయానికి అసాధ్యమేమీ కాదు. జనగామలోనో మహబూబాబాద్‌లోనో గదులు అద్దెకు తీసుకుని తెలంగాణ ఉద్యమ చరిత్రను గ్రూప్ పరీక్షల కోసం చదువుతున్న యువతీయువకులు ఇంగ్లిషు పుస్తకాన్నీ తెలుగు పుస్తకాన్నీ ఎదురెదురుగా పెట్టుకుని కూర్చుంటారు. ఒక పుస్తకంలోని ఎక్స్‌ట్రీమిస్టు ఇంకొక పుస్తకంలో ఒక పేజీలో అతివాదిగా, మరొక పేజీలో తీవ్రవాదిగా ఎందుకు కనిపిస్తున్నాడో వారికి చెప్పే గ్రంథం కావాలి. 1968లో పి.వి. తొలి అధ్యక్షుడిగా ఏర్పడిన తెలుగు అకాడమి పని అదే. రాజనీతిశాస్త్ర పదకోశాన్ని మళ్లీ ముద్రించేటప్పుడు ప్రతి ఇంగ్లిషు మాట పక్కన దాని తెలుగు రూపాలన్నింటినీ, ఏ రూపం ఏ సంవత్సరం నుంచి, ఎవరి వాడుకలో ఉందో వివరంతో సహా అచ్చువేయాలి.